అదే గ్రేడు, అదే జీతం, వేరే డిపార్ట్‌మెంట్: వెళ్ళాలా, ఆగాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు ఆరేళ్ళుగా రిపోర్టింగ్ టీమ్‌లో ఉన్నారు, ఇప్పుడు సీనియర్ ఎనలిస్ట్. అదే కంపెనీలో ప్లానింగ్ విభాగం వాళ్ళు మిమ్మల్ని రమ్మంటున్నారు. గ్రేడు మారదు, జీతం మారదు. మీ మేనేజరేమో "ఇక్కడే ఉండు, వచ్చే ఏడాది ప్రమోషన్ నీదే" అంటున్నారు. ఆ మాట నిరుడు కూడా అన్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. పైకి వెళ్ళకుండా పక్కకి వెళ్తే వెనకపడ్డట్టు అవుతుందేమోనని మీ భయం.

నా జవాబు: వెళ్ళండి. అయితే మూడు విషయాలు తేల్చుకున్నాకే. ఆ సీటు ఎందుకు ఖాళీ అయిందో తెలియాలి. అక్కడికి వెళ్తే మీ ప్రమోషన్ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందేమో తెలియాలి. పాత పని నుంచి మిమ్మల్ని ఏ తేదీన పూర్తిగా వదిలేస్తారో తెలియాలి. చివరి రెండూ మాట్లాడి సరిచేసుకోవచ్చు. మొదటిదానికి మాత్రం సరైన జవాబు దొరక్కపోతే ఆగిపోండి, ఎందుకంటే అది సరిచేయడం మీ చేతిలో ఉండదు.

ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను మూడుసార్లు ఇలా అదే గ్రేడులో మారాను. రెండు బాగా కలిసొచ్చాయి, ఒకటి నన్ను దాదాపు రెండేళ్ళు వెనక్కి లాగింది. తొమ్మిదేళ్ళుగా ఒక విభాగం చూస్తున్నాను. వేరే టీముల నుంచి అదే గ్రేడులో పదకొండు మందిని నేనే తీసుకున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

వదులుకునేది పరపతి

చాలామంది ఈ నిర్ణయాన్ని గ్రేడు, జీతం అనే రెండు అంకెలతోనే తూస్తారు. రెండూ మారడం లేదు కాబట్టి కొందరు "పోయేదేముంది" అని వెళ్ళిపోతారు, కొందరు "వచ్చేదేముంది" అని ఆగిపోతారు. పోయేది ఒకటుంది. ఈ ఆరేళ్ళలో చుట్టూ ఉన్నవాళ్ళకి మీ మీద కుదిరిన నమ్మకం. మీరు ఒక అంకె చెప్తే ఎవరూ మళ్ళీ సరిచూడరు. నెలాఖరు రిపోర్టులో పొరపాటు దొర్లితే "డేటాలో ఏదో తేడా వచ్చుంటుంది" అనుకుంటారు తప్ప మీకు పని రాదనుకోరు. ఏ సమాచారానికి ఎవరిని అడగాలో మీకు తెలుసు, అడిగితే కాదనరు. ఇదంతా కలిపి పరపతి. జీతం స్లిప్పులో ఎక్కడా కనపడదు గానీ మీ రోజు సాఫీగా గడుస్తోందంటే దాని వల్లే.

డిపార్ట్‌మెంట్ మారిన రోజు అందులో చాలా భాగం పాత సీటు దగ్గరే ఉండిపోతుంది.

నేను మొదటిసారి ప్రొడక్షన్ నుంచి క్వాలిటీకి మారాను. ప్రొడక్షన్‌లో ఏడేళ్ళు చేశాను. మూడోవారంలో ఒక కస్టమర్ కంప్లయింట్ మీద మీటింగ్ పెట్టారు. లోపం ఎక్కడుందో నాకు వెంటనే అర్థమైంది: భాగాన్ని పట్టి ఉంచే ఫిక్స్చర్ అరిగిపోయింది, దాంతో కొలత రోజురోజుకీ ఒకే వైపుకి జరుగుతోంది. చెప్పాను. తలూపారు, తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. పది రోజుల తర్వాత నాకన్నా జూనియర్ ఒకతను అదే మాటన్నాడు. అది మినిట్స్‌లోకి ఎక్కింది, ఫిక్స్చర్ మార్చారు. అతను నా మాట దొంగిలించలేదు, తనంతట తానే కనిపెట్టాడు. ఆ గదిలో ఉన్నవాళ్ళకి అతను నాలుగేళ్ళుగా తెలుసు, నేను మూడు వారాలుగా తెలుసు. తేడా అంతే. నా మాటకి అక్కడ అదే విలువ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో తప్పు చేశానని బాధపడని వారం లేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన బోరిస్ గ్రోయ్స్‌బర్గ్, ఆయన సహచరులు 1988 నుంచి 1996 వరకూ పేరున్న 1,052 మంది స్టాక్ ఎనలిస్టుల పనితీరు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వీళ్ళంతా తమ రంగంలో ముందు వరసలో ఉన్నవాళ్ళు. కంపెనీ మారినవాళ్ళలో 46 శాతం మంది మారిన తర్వాతి ఏడాది సరిగా రాణించలేదు. తమ టీమ్‌ని కూడా వెంట తీసుకెళ్ళినవాళ్ళు మాత్రం ఒంటరిగా వెళ్ళినవాళ్ళకన్నా మెరుగ్గా నిలబడ్డారు. మన నైపుణ్యం అనుకునేదాంట్లో కొంత మన బుర్రలో ఉంటే, కొంత మన చుట్టూ ఉన్న మనుషుల్లో, పద్ధతుల్లో ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. వాళ్ళు కంపెనీలే మారారు, మీరు డిపార్ట్‌మెంట్ మాత్రమే మారుతున్నారు. సాఫ్ట్‌వేర్ అదే, భాష అదే, సగం మొహాలు తెలిసినవే. కాబట్టి మీ దెబ్బ చిన్నది. కానీ దెబ్బ ఉంటుంది, ముందే మనసుకి చెప్పి పెట్టుకోండి. రెండో నెలలో "నాకు పని రాదేమో" అనిపిస్తే అది నిజం కాదని అప్పుడు గుర్తుకు రావాలి.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: పరపతి మళ్ళీ కట్టుకోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు, ఆ ఏడాదిని దేనికోసం ఖర్చు పెడుతున్నాను?

మీ విషయంలో నాకు జవాబు స్పష్టంగానే కనిపిస్తోంది. రిపోర్టింగ్ జరిగిపోయినదాన్ని చెప్తుంది. ప్లానింగ్ జరగబోయేదాన్ని నిర్ణయిస్తుంది. ఎంత గిరాకీ వస్తుందో అంచనా కట్టాలి, ఎంత సరుకు ఉంచాలో, ఎవరికి ఎంత పని పంచాలో చెప్పాలి. అంచనా ఎక్కువైతే సరుకు పేరుకుపోతుంది, తక్కువైతే ఆర్డర్ చేజారుతుంది. రెండు సందర్భాల్లోనూ మీ పేరు మీద ఒక అంకె ఉంటుంది, దానికి మీరు జవాబు చెప్పుకోవాలి. రిపోర్టింగ్‌లో అంకె తప్పు పోతే దిద్దుకుని మళ్ళీ పంపుతారు. ప్లానింగ్‌లో తప్పు పోతే డబ్బు పోతుంది. ఆ బరువు మోసినవాళ్ళకే తర్వాతి మెట్ల మీద పని అప్పజెప్తారు. ఆరేళ్ళ తర్వాత రిపోర్టింగ్ మీకు కొత్తగా నేర్పేది తక్కువ. మీ ప్రశ్నలోనే "ఇప్పుడు కళ్ళు మూసుకుని చేసేస్తాను" అని రాశారు. నేను "వెళ్ళండి" అనడానికి ఆ వాక్యమే కారణం.

ఆ సీటు ఎందుకు ఖాళీ అయింది?

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. నా రెండో మార్పు ఒక ప్రాజెక్ట్ సమన్వయం పనికి. పని పేరు బాగుంది, పెద్దవాళ్ళతో రోజూ మాట్లాడే అవకాశం. ఇంతకు ముందు అక్కడ ఎవరున్నారని అడిగాను. "వాళ్ళు మానేసి వేరే చోటికి వెళ్ళారు" అన్నారు. సరేననుకున్నాను. వెళ్ళాక తెలిసింది, రెండున్నరేళ్ళలో ఆ సీటులో ముగ్గురు మారారట. ఇద్దరు హెడ్‌లకి పడదు. ఇద్దరూ ఒకే వనరుల మీద అధికారం తమదే అంటారు. ఆ సీటులో కూర్చున్నవాడు ఒకరు చెప్పింది చేస్తే రెండోవారికి శత్రువు. నేను మంచివాడినో చెడ్డవాడినో అక్కడ లెక్కకి రాదు, ఆ కుర్చీ తీరే అంత. ఏడాదిన్నరకి బయటపడ్డాను. ఆ రెండు అప్రైజళ్ళూ నా ఫైల్‌లో "అంచనాలకు తగ్గట్టు" అనే మధ్యరకం మాటతో మిగిలాయి.

అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న: "గత మూడేళ్ళలో ఈ సీటులో ఎంతమంది ఉన్నారు? ఇప్పుడు వాళ్ళెక్కడున్నారు?" రెండో సగాన్ని వదలకండి. వాళ్ళు అదే కంపెనీలో పై మెట్టు మీద ఉన్నారంటే ఆ సీటు మనుషుల్ని పైకి పంపుతోంది. వరసగా బయటికి పోయారంటే లోపల ఏదో ఉంది. ఒక్కరే ఉండి, అయిదేళ్ళు చేసి, పదోన్నతి మీద వెళ్ళారంటే అంతకన్నా మంచి జవాబు ఉండదు.

ఆ సీటులో మీకు ముందు ఉన్న మనిషితో నేరుగా మాట్లాడండి. మేనేజర్ దగ్గర విన్న మాటకీ ఈ మాటకీ తేడా మీకే తెలుస్తుంది. "ఎలా ఉండేది?" అని అడిగితే "బానే ఉండేది" అంటారు. అలా కాకుండా "మీరు మళ్ళీ మొదటి రోజున ఉంటే ఏ విషయం ముందే తేల్చుకునేవారు?" అని అడగండి. మనుషులు ఫిర్యాదు చేయడానికి వెనకాడతారు గానీ సలహా ఇవ్వడానికి వెనకాడరు. ఆ సలహాలోనే ఫిర్యాదు ఉంటుంది.

ఒకవేళ అది కొత్తగా సృష్టించిన సీటైతే అడగాల్సినవి వేరు. దీనికి ఎవరి బడ్జెట్? ఏడాది తర్వాత కూడా ఉంటుందని ఎవరు చెప్పగలరు? మొదటి ఏడాది చివరికి ఏం పూర్తయితే బాగా చేసినట్టు లెక్క? ఈ మూడో ప్రశ్నకి, మిమ్మల్ని పిలిచిన మేనేజర్ దగ్గర నాలుగు వాక్యాల జవాబు కూడా లేకపోతే, పని ఏమిటో ఆయన ఇంకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు ఆయన తేల్చుకునేదాకా ఆ భారం మీ అప్రైజల్ మీద పడుతుంది.

ఇంకో చిన్న విషయం. మిమ్మల్ని పేరు పెట్టి కోరింది ఎవరు? ప్లానింగ్ మేనేజర్ మీ పని చూసి అడిగి ఉంటే మొదటి ఆరు నెలలు ఆయన మీకు అండగా ఉంటారు, ఎందుకంటే మీరు నెగ్గితే ఆయన ఎంపిక నెగ్గినట్టు. హెచ్ఆర్ జాబితాలోంచి మీ పేరు వచ్చి ఉంటే ఆ అండ మీరే సంపాదించుకోవాలి.

మిమ్మల్ని పక్కన పెడుతున్నారా అన్న అనుమానం

మీరు నేరుగా అడగలేదు గానీ ప్రశ్న కింద ఆ గుబులు కనిపించింది. అన్ని మార్పులూ మంచికే జరగవు. ఒక్కోసారి పొమ్మనలేక పొగబెట్టే పద్ధతుల్లో ఇదొకటి. గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటే: మీరు వెళ్ళాక మీ పాత పని ఎవరు చేస్తారు? దానికి మనిషిని వెతుకుతున్నా, మీరు వెళ్తారంటే మీ మేనేజర్ ఇబ్బంది పడుతున్నా, మీ విలువ అక్కడ తగ్గలేదు. "ఆ పని గురించి ఆలోచించకు, చూసుకుంటాం" అని తేలిగ్గా అంటున్నారంటే, ఆ పనినే తీసేయబోతున్నారేమో కనుక్కోండి. విచిత్రంగా, అలాంటప్పుడు మారడమే మేలు కావచ్చు. కూలబోయే గోడ పక్కన ఉండటంకన్నా జరిగిపోవడం నయం. మీ మేనేజర్ మిమ్మల్ని ఆపాలని చూస్తున్నారు కాబట్టి మీ విషయంలో ఇది వర్తించదనే అనుకుంటున్నాను.

"వచ్చే ఏడాది ప్రమోషన్ నీదే"

ఈ మాటని రెండేళ్ళుగా వింటున్నానన్నారు. మీ మేనేజర్ అబద్ధం చెప్తున్నారని నేననను. నేనూ ఆ స్థానంలో ఉండి ఆ మాట అన్నవాడినే, మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ చాలా కంపెనీల్లో మేనేజర్ ఒక్కరి మాటతో ప్రమోషన్ రాదు. మేనేజర్ పేరు పంపాలి. ఆ పేర్లన్నీ ఒక చోట పెట్టి పై స్థాయి వాళ్ళు పోల్చి చూస్తారు. ఎన్ని ప్రమోషన్లకి బడ్జెట్ ఉందో అంతమందినే తీసుకుంటారు. పై గ్రేడులో పని ఉందా అని కూడా చూస్తారు. మీ టీమ్‌లో ఇప్పటికే ఇద్దరు మేనేజర్ స్థాయివాళ్ళు ఉంటే మూడోవారికి చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ మేనేజర్ మంచితనం ఈ లెక్కని మార్చలేదు.

అందుకని ఆయన్ని మూడు ప్రశ్నలు అడగండి, గొడవ పెట్టుకున్నట్టు కాకుండా మామూలుగా. "ఈసారి నా పేరు పంపారా? పంపితే అక్కడ ఏమన్నారు? వచ్చేసారికి నేను ఏది చూపిస్తే ఆ అభ్యంతరం పోతుంది?" పంపాననీ, ఫలానా అనుభవం లేదన్నారనీ చెప్తే అది గట్టి జవాబు. వాళ్ళడిగే ఆ అనుభవం ప్లానింగ్‌లో దొరికేదే అయితే, మీ మేనేజరే మిమ్మల్ని వెళ్ళమని చెప్తున్నట్టు. పేరు పంపలేదంటే, రెండేళ్ళుగా మీకు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారన్నమాట.

ఆగడమే సరైన సందర్భం కూడా ఒకటుంది, దాన్ని దాచను. నా టీమ్‌లో ఒకామెకి ఇలాగే పిలుపు వచ్చింది. ఆమె పేరు అప్పటికే పై స్థాయిలో ఖరారై, ఉత్తర్వు రావడానికి రెండు నెలలే ఉంది. ఆ మాట బయటికి చెప్పే అధికారం నాకు లేదు గానీ, "పది వారాలు ఆగు, తర్వాత నేనే పంపిస్తాను" అన్నాను. ఆగింది. ప్రమోషన్ తీసుకుని, ఆ పై గ్రేడులోనే అక్కడికి వెళ్ళింది. మీ మేనేజర్ కూడా ఇలా వారాల్లో లెక్క చెప్పగలిగితే, ప్లానింగ్ వాళ్ళని ఆ కొద్ది వారాలు ఆగమని అడగండి. "వచ్చే ఏడాది" అన్నది మాత్రం తేదీ కాదు.

ప్రమోషన్ లెక్క మళ్ళీ మొదలవుతుందా?

చాలా సంస్థల్లో ప్రమోషన్‌కి ఇంత కాలం ఉండాలని ఒక నియమం ఉంటుంది. ఆ కాలాన్ని గ్రేడులో చేరిన రోజు నుంచి లెక్కిస్తారా, ఇప్పటి సీటులో చేరిన రోజు నుంచి లెక్కిస్తారా అన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మొదటిదైతే మీకు నష్టం లేదు. రెండోదైతే ఆరేళ్ళ సర్వీసు ఉన్నా మీరు కొత్తవారే. ఇది హెచ్ఆర్‌ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. నోటిమాట మీద నమ్మకం లేక కాదు. చెప్పినవాళ్ళే ఏడాది తర్వాత అక్కడ ఉండకపోవచ్చు.

దీనికి తోడు అప్రైజల్ సంగతి. క్వాలిటీకి మారినప్పుడు నేను అప్రైజల్ ఏడాదిలో ఏడు నెలలు ప్రొడక్షన్‌లో, అయిదు నెలలు క్వాలిటీలో ఉన్నాను. ఏడాది చివర నా పనిని రాసింది కొత్త మేనేజర్. ఆయనకి తెలిసింది ఆ అయిదు నెలలే, అందులోనూ నేను తడబడిన నెలలు. ముందటి ఏడు నెలల్లో నేను నిలబెట్టిన లైన్ గురించి ఒక్క ముక్క కూడా ఆ ఫారంలో లేదు. పాత మేనేజర్ రాసేవారే, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ ఏడాది హైక్ తగ్గింది, ఆ తగ్గుదల తర్వాతి హైక్‌లన్నిటికీ పునాది అయింది. మీరు బదిలీ అయ్యే రోజుకి ముందే ఇప్పటి మేనేజర్‌తో ఈ ఏడాది మీరు చేసినదంతా రాయించి, సిస్టమ్‌లో ఎక్కించమనండి. ఆ పని అరగంటలో అయిపోతుంది, ఫలితం మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది.

జీతం "అదే" అన్నప్పుడు

అదే గ్రేడు అయినా రెండు విభాగాల్లో జీతం హద్దులు వేరుగా ఉండొచ్చు. ఒక్కో గ్రేడుకీ కనిష్ఠం, మధ్య, గరిష్ఠం అని మూడు గీతలుంటాయి. మీ జీతాన్ని ఆ మధ్య గీతతో భాగిస్తే వచ్చేదాన్ని హెచ్ఆర్ వాళ్ళు కంపా రేషియో అంటారు. మధ్య గీత 100 అయి, మీది 112 అనుకోండి. చాలా చోట్ల మీకు హైక్ శాతం తక్కువగా వస్తుంది, ఎందుకంటే పై గీతకి దగ్గరయ్యారు. కొత్త విభాగంలో మధ్య గీత 125 అయితే, అదే జీతంతో వెళ్ళినా మీరు మధ్య గీతకి కింద ఉంటారు, పెరగడానికి చోటుంటుంది. తారుమారుగా కూడా ఉండొచ్చు. గీతల అంకెలు చెప్పకపోయినా, "నేను హద్దులో పై సగంలో ఉంటానా, కింది సగంలోనా" అని అడిగితే చాలా హెచ్ఆర్‌లు చెప్తారు. ఇప్పుడు మీకొస్తున్న ఏ అలవెన్సైనా, బోనస్ శాతమైనా పోతుందేమో కూడా చూసుకోండి. రాత్రి కాల్స్, నెలాఖరు ఒత్తిడి, ప్రయాణాలు ఎలా ఉంటాయో ఇంట్లోవాళ్ళతో కలిసి లెక్క వేసుకోండి.

వెనకపడ్డట్టా?

మీ అసలు భయం ఇది కాబట్టి కొంచెం చెప్తాను. జనరల్ మోటార్స్ అధిపతి మేరీ బార్రా 1980లో విద్యార్థిగా ఆ కంపెనీలో అడుగుపెట్టారు. ఒక ప్లాంటు నడిపారు, తయారీ ఇంజనీరింగ్‌కి వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. 2009లో అదే వైస్ ప్రెసిడెంట్ హోదాలో మానవ వనరుల విభాగానికి వెళ్ళారు. ఇంజనీరు ఉన్నట్టుండి హెచ్ఆర్‌కి వెళ్ళడం బయటినుంచి చూసేవాళ్ళకి పక్కదారిలాగే కనపడుతుంది. 2011లో ఉత్పత్తుల అభివృద్ధి చేతికొచ్చింది, 2014 జనవరిలో సీఈఓ అయ్యారు. పక్కకి వెళ్ళినవాళ్ళంతా సీఈఓలు అవుతారని కాదు. హోదా మారకుండా పని మారడం వెనకడుగు కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ మధ్య చాలామంది చూపించే అధ్యయనం ఒకటుంది. ఎంఐటీ స్లోన్ మేనేజ్‌మెంట్ రివ్యూలో 2022లో వచ్చింది. అదే స్థాయిలో వేరే పనికి మారే అవకాశాలు ఇచ్చే కంపెనీల్లో ఉద్యోగులు నిలబడతారని, ఆ విషయంలో జీతంకన్నా ఈ అవకాశాలు 2.5 రెట్లు బలమైన సూచిక అని అందులో తేలింది. నిజమే, కానీ చదివేటప్పుడు జాగ్రత్త. అది కంపెనీలు మనుషుల్ని ఎలా నిలుపుకుంటాయో చెప్పే అంకె. మారిన మనిషికి ఎంత లాభం వచ్చిందో అందులో లేదు. హెచ్ఆర్ వాళ్ళు ఈ అంకె చూపించి మిమ్మల్ని ఒప్పించబోతే, వాళ్ళ లాభం గురించి చెప్తున్నారని గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. ఒకసారి పక్కకి వెళ్తే మీ అనుభవం వెడల్పవుతుంది. మూడేళ్ళలో మూడుసార్లు వెళ్తే, చూసేవాళ్ళకి మీరు ఎక్కడా నిలవని మనిషి. నేను తీసుకున్న పదకొండు మందిలో ఇద్దరు అలా వచ్చారు. ఏ పనిలోనూ రెండో ఏడాది చూడలేదు. మొదటి ఏడాది నేర్చుకోవడానికి సరిపోతుంది, తాము చేసిన నిర్ణయాల ఫలితం కంటికి కనిపించేది రెండో ఏడాదే. వెళ్తే ప్లానింగ్‌లో కనీసం రెండున్నరేళ్ళు ఉంటానని మీకు మీరే మాటిచ్చుకుని వెళ్ళండి.

రెండు పడవల మీద కాళ్ళు

వదిలే తేదీ అని మొదట్లో అన్నాను కదా. మూడో మార్పులో నేను నాలుగు నెలలు రెండు పనులూ చేశాను. "కొత్తవాళ్ళు దొరికేదాకా కాస్త చూడు" అన్నారు, కాదనలేకపోయాను. పొద్దున కొత్త పని, సాయంత్రం పాత పని. రెండు చోట్లా అరకొరగానే చేశాను. కొత్త టీమ్ అప్పుడే నా గురించి ఒక అభిప్రాయానికి వస్తోంది, ఆ సమయంలో వాళ్ళు చూసింది అలిసిపోయిన మనిషిని. పరపతి కట్టుకోవాల్సిన తొలి నెలలు అలా పోయాయి.

మీరు ఆరేళ్ళ మనిషి కాబట్టి మీకిది తప్పకుండా ఎదురవుతుంది. ఇద్దరు మేనేజర్లూ కలిసి ఒక తేదీ ఒప్పుకోవాలి. ఆ తేదీ దాకా హ్యాండోవర్, ఆ తర్వాత వారానికి ఒక గంట సందేహాలకి, అదీ మొదటి నెల మాత్రమే. ఇది ఇద్దరికీ కాపీ పెట్టి మెయిల్ చేయండి. మీ రిపోర్టులు ఎలా తయారవుతాయో ఇప్పటినుంచే రాసి పెట్టడం మొదలుపెట్టండి. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ రాత పనికొస్తుంది.

కాదనాలనుకుంటే

సీటు వెనక కథ బాగోలేదని తేలి వద్దనుకున్నారనుకోండి. "నాకిష్టం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, కల్లబొల్లి కారణాలూ చెప్పకండి. నాకు కాదన్నవాళ్ళలో ఒకామె, "ఇప్పుడు నా చేతిలో ఉన్న పని సెప్టెంబర్‌కి పూర్తవుతుంది, మధ్యలో వదలడం నాకు ఇష్టం లేదు. ఆ తర్వాత ఇలాంటిది వస్తే నన్నడగండి" అంది. ఏడాది తర్వాత ఆమెనే మొదట అడిగాను. కాదన్నందుకు మనసులో పెట్టుకునే మేనేజర్లు ఉంటారు, లేరనను. అలాంటివాళ్ళు మీరు చేరాక ఎలా ఉండేవారో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

శుక్రవారంలోగా ఇవన్నీ అవుతాయా అంటారేమో. అవుతాయి, వరస తెలిస్తే. ఆ సీటులో ఇంతకు ముందు ఉన్న మనిషికి ఈరోజే మెసేజ్ పెట్టండి. అవతలివాళ్ళు తీరిక చూసుకుని మాట్లాడాలి కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది అదే. రేపు పొద్దున హెచ్ఆర్‌కి ఆ రెండు ప్రశ్నలు మెయిల్ చేయండి: గ్రేడు లెక్కా సీటు లెక్కా, జీతం హద్దులో నేనెక్కడ. మీ మేనేజర్‌తో ఆ తర్వాత మాట్లాడండి, ముందు కాదు, ఎందుకంటే ఆయనతో మాట్లాడేటప్పటికి మీ చేతిలో సమాచారం ఉండాలి. గురువారం సాయంత్రానికి ముందటి మనిషి మాట అందకపోతే, ప్లానింగ్ మేనేజర్‌ని సోమవారం దాకా గడువు అడగండి. మిమ్మల్ని నిజంగా కోరుకుంటున్నవాళ్ళు మూడు రోజులు ఆగుతారు.